కొత్త కారు పొద్దున్నే స్టార్ట్ కాకపోతే: ఈసీఎం మార్చే ముందు కొలవవలసినవి

మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇది. 2022 మోడల్ పెట్రోల్ కారు, పుష్ బటన్ స్టార్ట్. రాజోలు దగ్గర మీ ఊళ్లో కొబ్బరితోట పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. వారంలో రెండు మూడు రోజులు పొద్దున బటన్ నొక్కగానే టకటకమని శబ్దం వచ్చి, మీటరులోని లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోతున్నాయి. రెండోసారో మూడోసారో నొక్కితే సెల్ఫ్ తీసుకుంటోంది, ఇక ఆ రోజంతా ఏ ఇబ్బందీ లేదు. బ్యాటరీ మార్పించినా నెల తిరగకుండానే మళ్లీ అదే మొదలైంది. స్కానర్ పెట్టి చూసినవారు తొమ్మిది కోడ్లు (బండి తానే రాసుకున్న తప్పుల గుర్తులు) వచ్చాయని, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోయిందని, కొత్తది వేయాలని చెప్పారు. వేయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే వేయించవద్దు. పాలకొల్లు, నరసాపురం, రాజోలు వైపు బండ్లకు ఇరవై ఎనిమిదేళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలతో వచ్చిన బండిలో నిజంగా ఈసీఎం చెడిపోయి ఉండడం చాలా అరుదు. మీ బండిలో కరెంటు పుడుతోంది, నిల్వ కూడా ఉండి ఉండవచ్చు, కానీ సెల్ఫ్ మోటారుకు చేరవలసినంత చేరడం లేదు. ఎక్కడ ఆగిపోతోందో కొలిచి పట్టుకోవాలి తప్ప, ఒక్కొక్క సామాను మార్చుకుంటూ పోతే డబ్బు అయిపోతుంది గాని జబ్బు పోదు.

స్టార్ట్ కాకపోవడం అన్న ఒక్క మాటలో వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి కాబట్టి ముందు వాటిని విడదీసుకోవాలి. సెల్ఫ్ గట్టిగా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే అది పెట్రోలు పంపు, క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని గుర్తించేది), ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేనిదే ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటు) వైపు చూడవలసిన పని. బటన్ నొక్కినా ఏ శబ్దమూ రాకుండా, లైట్లు మాత్రం నిండుగా వెలుగుతూ ఉంటే బ్రేక్ స్విచ్, క్లచ్ స్విచ్, తాళంలోని సెల్, స్టార్టర్ రిలే చూడాలి. వెనుక బ్రేక్ లైటు వెలగకపోతే చాలా పుష్ బటన్ బండ్లు సెల్ఫే కొట్టవు. తాళంలో సెల్ అయిపోయిందన్న అనుమానం ఉంటే, చాలా కంపెనీల బండ్లలో తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే లోపలి చిప్‌ను బండి గుర్తిస్తుంది. మీది ఈ రెండూ కాదు. టకటకమనడం, లైట్లు కుంగిపోవడం కలిసి వచ్చాయంటే కరెంటు చాలకపోవడమే. సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్, అంటే సోలినాయిడ్, లాగుతుంది, సెల్ఫ్ మోటారు బరువు పడగానే వోల్టేజి పడిపోయి సోలినాయిడ్ వదిలేస్తుంది, బరువు తగ్గగానే వోల్టేజి లేచి మళ్లీ లాగుతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇలా జరగడమే ఆ శబ్దం.

తొమ్మిది కోడ్ల సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. కొత్త బండ్లలో ఇంజిన్‌కు, బ్రేకులకు, స్టీరింగుకు, ఎయిర్‌బ్యాగులకు, బాడీ లైట్లకు వేర్వేరు మాడ్యూళ్లు, అంటే చిన్న కంప్యూటర్లు, ఉండి, క్యాన్ అనే రెండు వైర్ల జంట మీద ఎప్పుడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. సెల్ఫ్ కొట్టే క్షణంలో వోల్టేజి బాగా పడిపోతే వాటిలో కొన్ని ఒక్క క్షణం మూగబోతాయి. అవి బదులివ్వలేదని మిగిలినవి కోడ్ రాసుకుంటాయి. మీకు వచ్చిన తొమ్మిదింటిలో యూ అక్షరంతో మొదలయ్యేవి ఎన్ని ఉన్నాయో చూడండి, అవి సమాచారం అందలేదని చెప్పే కోడ్లు. వాటి పక్కన పి 0562 కూడా ఉంటే, వోల్టేజి తక్కువైందని బండి తానే చెప్పినట్టు. ఆ తొమ్మిదీ ఒకే తల్లి పిల్లలు కావచ్చు. కోడ్లను ఫోటో తీసుకుని, చెరిపించి, మళ్లీ ఆ టకటక వచ్చిన రోజున ఏవి తిరిగి వచ్చాయో చూస్తేనే స్కానర్ మాటకు విలువ.

ఇక కొలతలు. దుకాణంలో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. పొద్దున బండి కదిలించకముందు, వీలైతే తలుపులు కూడా తీయకముందు బ్యాటరీ రెండు పోస్టుల (పైకి వచ్చిన సీసపు ముద్దల) మీద వోల్టేజి చూడాలి. 12.6 గాని ఆపైన గాని ఉంటే నిండుగా ఉంది. 12.4 దగ్గర ఉంటే ముప్పావు వంతు, 12.2 అయితే సగం, 12.0కి వచ్చిందంటే పావు వంతే మిగిలింది. తర్వాత ఒకరు బటన్ నొక్కుతుండగా ఇంకొకరు అదే చోట చూడాలి. సెల్ఫ్ తిరిగే సమయంలో పోస్టుల మీద 9.6 కన్నా దిగువకు పడకూడదు. పోస్టుల మీద 11 వోల్టులు నిలబడి ఉండగానే సెల్ఫ్ టకటకమంటుంటే బ్యాటరీ తన పని తాను చేస్తోంది, దోషం దారిలో ఉంది. ఈ ఒక్క కొలత మీకు బ్యాటరీ ఖర్చు మిగిల్చి ఉండేది. ఒకవేళ అది 8కో 7కో పడిపోతే, కొత్త బ్యాటరీ అయినా సరే, దాన్ని నిండుగా చార్జి చేయించి మళ్లీ చూడాలి, ఎందుకంటే దుకాణంలో నెలల తరబడి కదలకుండా ఉన్న బ్యాటరీ కొత్తదైనా డౌన్ అయి ఉంటుంది. సిగ్నల్ దగ్గర దానంతట అదే ఆగి స్టార్ట్ అయ్యే రకం బండి అయితే, దానికి ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం (మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే) బ్యాటరీయే పడాలి, మామూలుది వేస్తే తొందరగా చచ్చిపోతుంది. మీకు ఏది వేశారో దాని పైన రాసి ఉంటుంది.

నేను అందరికన్నా ముందు చేసే పరీక్ష దీని తర్వాతది, మన ప్రాంతంలో ఎక్కువ బండ్ల జబ్బు బయటపడేదీ ఇక్కడే. కాలువలో గుర్రపుడెక్క అడ్డుపడి ఉందనుకోండి. తూము మూసి ఉన్నంతసేపు, నీరు కదలదు కాబట్టి డెక్కకు ఎగువనా దిగువనా మట్టం ఒక్కలాగే ఉంటుంది, చూసినవాడికి కాలువ నిండుగా కనిపిస్తుంది. తూము ఎత్తాక దిగువ మట్టం పడిపోతుంది, అప్పుడు గాని అడ్డు సంగతి తెలియదు. వైరు కూడా అంతే. బండి ఆపి ఉండగా మీటరుతో ఎర్త్ (బాడీ, ఇంజిన్ లోహం మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు కరెంటు తిరిగి వచ్చే దారి) చూస్తే బీప్ వస్తుంది, వంద పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా ఆ బీప్ వస్తుంది. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ నూటయాభై ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా, ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. నూరో వంతు ఓమ్‌ను మన మీటరు చూపలేదు. అందుకే సెల్ఫ్ కొడుతూ ఉండగా, ఆ దారి రెండు చివరల మధ్య ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవాలి.

పద్ధతి ఇది. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, మీటరును డీసీ వోల్టుల మీద ఉంచండి. నల్ల ప్రోబును (మీటరు వైరు కొనను) బ్యాటరీ నెగటివ్ పోస్టు మీదే, అంటే కేబుల్‌ను పట్టి ఉంచే క్లాంపు మీద కాకుండా మధ్యలోని సీసపు ముద్ద మీద, గట్టిగా ఆనించాలి. ఎర్ర ప్రోబును పెయింటు లేని ఇంజిన్ లోహానికి ఆనించాలి. సహాయకుడు బటన్ నొక్కిన రెండు మూడు సెకన్లలో మీటరు 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్త్ దారిలో అడ్డు ఉంది. తర్వాత పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు మీద బ్యాటరీ కేబుల్ వచ్చి చేరే పెద్ద బోల్టు దాకా ఇలాగే చూడాలి, అక్కడ 0.5 దాటకూడదు. ఈ వైపున చాలా కొత్త బండ్లలో బ్యాటరీ నెత్తి మీద పెద్ద ఫ్యూజుల పెట్టె ఉంటుంది. దాని నట్టు ఒక చుట్టు వదులైనా చాలు, ఇదే జబ్బు వస్తుంది. బ్యాటరీ మార్చినప్పుడు ఆ నట్టు విప్పి సరిగా బిగించకుండా వదిలేసిన బండ్లు నాకు పలుమార్లు వచ్చాయి.

అంతర్వేది వైపు నుంచి ఒక రొయ్యల రైతు బండి అచ్చంగా మీ లక్షణాలతోనే వచ్చింది. అప్పటికే వేరేచోట రెండు బ్యాటరీలు, ఒక సెల్ఫ్ మోటారు మార్చారు. పోస్టు నుంచి ఇంజిన్ దాకా కొలిస్తే 1.3 వోల్టులు చూపింది. దారిని ముక్కలు చేసి కొలుచుకుంటూ వచ్చాను. పోస్టుకు, క్లాంపుకు మధ్య 0.02, క్లాంపుకు, బాడీకి మధ్య 0.06, బాడీకి, ఇంజిన్‌కు మధ్య 1.2. బాడీని ఇంజిన్‌కు కలిపే అల్లిక రాగి పట్టీ పైకి చూస్తే నిగనిగలాడుతూ, బోల్టు కూడా బిగువుగానే ఉంది. విప్పి వేళ్లతో వంచితే, లగ్గులోకి (బోల్టు పట్టే కొసలోకి) దూరే చోట పచ్చటి చిలుము పొడి పొడిగా రాలింది. లోపల మిగిలి ఉన్న పోగులు పది కూడా లేవు. పట్టీ మార్చి, బాడీ వైపు బోల్టు కింద లోహాన్ని వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకి బిగించాక అదే కొలత 0.08కి వచ్చింది. ఆ రైతు చెల్లించిన మొత్తం ఖర్చులో పట్టీ ధర లెక్కలోకి కూడా రాదు.

పొద్దునే ఎందుకు వస్తుందన్న మీ సందేహానికి సమాధానం కూడా ఇక్కడే ఉంది. మనకు ఇంజిన్ ఆయిల్ గడ్డకట్టేంత చలి లేదు. సముద్రపు గాలిలోని ఉప్పు కీళ్లలో చేరుతుంది. ఉప్పు చెమ్మను లాగుతుంది. రాత్రి మంచుకు తడిసిన చిలుము మీద కరెంటు సరిగా పారదు. మొదటి రెండుసార్లు బటన్ నొక్కినప్పుడు పారిన కరెంటుకే ఆ కీలు వేడెక్కి, కొంత ఆరి, మూడోసారికి దారి ఇస్తుంది. రోజంతా ఇంజిన్ వేడికి పొడిగా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్తే జబ్బు కనిపించదు. అందుకే ఈ కొలత పొద్దునే, మీ షెడ్డులోనే తీయాలి. బోరు నీటితో బోనెట్ లోపల కడిగించే అలవాటు ఉంటే మానుకోండి. మన తీరపు గ్రామాల్లో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది, ఆ నీరు కప్లర్లలోకి (వైర్లను కలిపే ప్లగ్గుల్లోకి) పోతే ఎన్నాళ్లయినా దాని ఉప్పు అక్కడే ఉంటుంది. శుభ్రం చేసిన ఎర్త్ బోల్టును బిగించిన తర్వాత, పైన మాత్రమే వ్యాజ్‌లైన్ పూయాలి.

ఎర్త్, పాజిటివ్ రెండు దారులూ బాగుండి, పొద్దున బ్యాటరీ మాత్రం 12.2 కన్నా దిగువన ఉంటే, రాత్రిపూట ఏదైనా కరెంటు తింటోందేమో చూడాలి. బండి నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు వాడకం మామూలే, అది రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. అదే 400 మిల్లీ ఆంపియర్లు అయితే రోజుకు 9.6 పోతుంది. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో రెండు రోజులకే సగానికి పైగా ఖాళీ అవుతుంది. దీన్ని కొలిచేటప్పుడు చాలామంది తొందరపడి తప్పు చేస్తారు. తలుపు తీసినా, తాళం దగ్గరకు తెచ్చినా మాడ్యూళ్లు మేలుకుని రెండు మూడు ఆంపియర్లు లాగుతాయి, ఆ అంకె చూసి లీకేజీ అనుకుంటారు. బోనెట్ తెరిచి, దాని లాక్‌ను స్క్రూ డ్రైవరుతో నొక్కి మూసినట్టు చేసి, తాళాన్ని ఇంట్లో దూరంగా పెట్టి, అరగంట పైగా వదిలేయాలి. నెగటివ్ కేబుల్ విప్పి మధ్యలో మీటరు పెట్టడం ఒక పద్ధతి. అయితే మీటరు సాధారణంగా 10 ఆంపియర్లకే తట్టుకుంటుంది కాబట్టి, అది ఉండగా బటన్ నొక్కకూడదు. నాకు నచ్చే పద్ధతి, ఫ్యూజులు పీకకుండా ఒక్కొక్క ఫ్యూజు నెత్తి మీదున్న రెండు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు చూడడం. సున్నా ఉంటే ఆ దారిలో కరెంటు లేదు, కొద్దిగా అంకె ఉంటే పారుతోంది. ఫ్యూజు పీకి మళ్లీ పెడితే నిద్రపోతున్న మాడ్యూలు లేచి కూర్చుంటుంది, లెక్క మొదటికి వస్తుంది.

కంపెనీ వైరింగు కన్నా, బయట వేయించుకున్నవే ఇలా తింటాయి. డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, ఆంప్లిఫయర్, బయట కొన్న మ్యూజిక్ సిస్టమ్, ఓబీడీ పోర్టుకు (స్కానర్ పెట్టే చోట) తగిలించి మరచిపోయిన బ్లూటూత్ పరికరం, ఇలాంటివన్నీ ముందు తీసేసి రెండు రాత్రులు చూడండి. వైరును బ్లేడుతో గీకి, మెలిపెట్టి, టేపు చుట్టి తీసుకున్న కనెక్షన్ ఎక్కడైనా కనిపిస్తే దాన్ని అనుమానించండి.

మీ షెడ్డు తోట పక్కన ఉందన్నారు కాబట్టి ఎలుకల సంగతీ చెప్పాలి. సార్వా కోతలు, దాళ్వా కోతలు అయ్యాక చేలలోని ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి, ఆ రోజుల్లో మా దగ్గరకు వైర్లు కొరికిన బండ్లు వరుసగా వస్తాయి. గేర్‌బాక్సు పైన, బ్యాటరీ ట్రే కింద టార్చి వేసి చూడండి. కొబ్బరి పీచు ముద్ద కనిపిస్తే అక్కడ గూడు ఉన్నట్టే. కొరికిన వైరు పూర్తిగా తెగకుండా, రాగి బయటపడి, చెమ్మ తగిలినప్పుడు మాత్రమే ఎర్త్ అవుతూ ఉంటే, అదీ పొద్దునపూట జబ్బుగానే కనిపిస్తుంది. క్యాన్ వైర్ల జంటను అతికేటప్పుడు మెలిక విప్పి పొడుగ్గా అతకకూడదు, ఆ మెలిక బయటి గోలను లోపలికి రానివ్వకుండా కాపాడడానికే ఉంది.

ఒక పాత అలవాటు గురించి గట్టిగా హెచ్చరించాలి. ట్రాక్టర్ల మీద, పాత డీజిల్ జీపుల మీద పని నేర్చుకున్నవారు ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఇంజిన్ ఆగకపోతే డైనమో బాగుందని తేల్చేవారు. మేమూ అలాగే నేర్చుకున్నాం. కొత్త బండి మీద ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. బ్యాటరీ లేకుండా పోయిన ఆ క్షణంలో డైనమో వోల్టేజి ఒక్కసారిగా ఎగసి, బాగున్న ఈసీఎం నిజంగానే పోవచ్చు. డైనమో చూడాలంటే ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు వేసి, పోస్టుల మీద కొలిస్తే చాలు. సాధారణంగా 13.8 నుంచి 14.7 మధ్య ఉంటుంది. కొన్ని కొత్త బండ్లలో పెట్రోలు ఆదా కోసం చార్జింగును కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, కాబట్టి ఒక క్షణం 12.8 కనిపించిందని డైనమో విప్పించకండి. అలాగే వేరే బండి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు, నల్ల క్లిప్పును మీ బ్యాటరీ నెగటివ్ పోస్టుకు కాకుండా ఇంజిన్ లోహానికి తగిలించాలి, ఎందుకంటే చాలా కొత్త బండ్లలో ఆ క్లాంపు మీదే బ్యాటరీని కనిపెట్టే సెన్సర్ ఉంటుంది.

పైవన్నీ సరిగా ఉన్నాయని అంకెలతో తేలిన తర్వాతే ఈసీఎం వైపు వెళ్లాలి. అప్పుడు కూడా మొదట చూడవలసింది దానికి వచ్చే పవరు, ఎర్త్. వైరింగ్ బొమ్మ చూసి, కప్లర్ విప్పి, ఆ పవరు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య ఒక చిన్న హెడ్‌లైట్ బల్బు వెలిగించి చూడమనండి. మీటరు 12 చూపినా బల్బు మసకగా వెలిగితే ఈసీఎంకు తిండి అందడం లేదు, ఈసీఎం తప్పు కాదు. ప్రోబును పిన్నులోకి బలంగా దూర్చనివ్వకండి, సాగిపోయిన పిన్ను కొత్త జబ్బు తెస్తుంది. క్యాన్ జంటను చూడాలంటే బ్యాటరీ విప్పి, ఓబీడీ పోర్టులో 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవాలి. చాలా బండ్లలో 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది, సున్నా దగ్గరకు వస్తే రెండు వైర్లూ ఎక్కడో కలిశాయి. ఆ పోర్టుకు, మిగతా మాడ్యూళ్లకు మధ్యలో గేట్‌వే అనే మాడ్యూలు ఉన్న మోడళ్లలో ఈ అంకె వేరుగా రావచ్చు, అందుకే మీ మోడల్ పుస్తకం చూసి చెప్పగలవారి చేతనే ఈ పరీక్ష చేయించండి. వాడిన ఈసీఎం చవగ్గా దొరికిందని తెచ్చి పెట్టించుకోవద్దు. తాళం చిప్పులతో దానికి జత కుదరకపోతే బండి అసలు స్టార్టే కాదు.

రేపు పొద్దున బండి కదిలించకముందు నాలుగు అంకెలు తీసి రాయండి. కదలని స్థితిలో బ్యాటరీ వోల్టేజి ఒకటి, సెల్ఫ్ కొడుతుండగా పోస్టుల మీద వోల్టేజి ఒకటి, నెగటివ్ పోస్టు నుంచి ఇంజిన్‌కు ఒకటి, పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ బోల్టుకు ఒకటి. ఆ రోజు టకటక వచ్చిందో లేదో, రాత్రి మంచు పడిందో లేదో కూడా పక్కన రాయండి. టకటక రాని రోజు కొలత వేరు, వచ్చిన రోజు కొలత వేరు. నాకు ముఖ్యంగా కావలసింది వచ్చిన రోజుది.